హిచ్‌కాక్ ‘రోప్’ (1948): ఒకే షాట్ అంటారు గానీ, కట్లు ఎక్కడున్నాయి?

నేలటికెట్టు

బ్రాండన్, ఫిలిప్ అనే ఇద్దరు కుర్రాళ్లు మిత్రుడు డేవిడ్‌ని గొంతు బిగించి చంపి, శవాన్ని పెట్టెలో దాచి, ఆ పెట్టె మీదే విందు పెట్టే కథ ‘రోప్’. దాని గురించి ఎక్కడ చూసినా “సినిమా మొత్తం ఒకే షాట్” అనే రాస్తున్నారు. కానీ మధ్యలో ఒకచోట ఫార్లీ గ్రేంజర్ (ఫిలిప్) మీంచి జేమ్స్ స్టీవర్ట్ (వాళ్ల పాత మాస్టారు రూపర్ట్) ముఖం మీదికి నేరుగా కట్ పడుతుంది, కళ్లు మూసుకుని చూసినా తెలిసేంత. మరి ఒకే షాట్ ఎలా అవుతుంది? దాచిన కట్లు ఎన్ని, దాచనివి ఎన్ని? అన్నీ దాచే వీలున్నప్పుడు కొన్నిటినే ఎందుకు వదిలేశాడు? ఇంకో సందేహం కూడా ఉంది. ఈ ప్రయోగం హిచ్‌కాక్ కెరీర్‌కి మేలు చేసిందా, దెబ్బ కొట్టిందా? లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

రీలుడబ్బా

నేలటికెట్టు గారూ, ముందు లెక్క చూద్దాం. టైటిల్స్ వీధి మీద పడతాయి, అదొక షాట్. అక్కణ్ణుంచి ఇంట్లోకి, గొంతు బిగించే దృశ్యానికి నేరుగా కట్. దాన్ని పక్కన పెడితే ఇంటి లోపల జరిగేదంతా 10 ముక్కలు. అతి పెద్దది 10 నిమిషాల 6 సెకన్లు, అతి చిన్నది 4 నిమిషాల 37 సెకన్లు. 10 ముక్కలకి 9 అతుకులు. అందులో 5 దాచినవి (ఎవరి కోటు వీపో లెన్స్‌ని కప్పేసి తెర నల్లబడ్డప్పుడు కలిపే రకం), 4 దాచనివి.

దాచినవి సుమారుగా 12, 27, 44, 60, 75వ నిమిషాల దగ్గర వస్తాయి. దాచనివి 20, 35, 52, 70 దగ్గర. వరస గమనించారా? ఒకటి దాచినది, ఒకటి దాచనిది, మళ్లీ దాచినది. ఇది యాదృచ్ఛికం కాదు, రీలు పొడవు వల్ల వచ్చింది.

35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు పోతాయి. కెమెరా మేగజీన్‌లో పట్టేది 1000 అడుగులు, అంటే 11 నిమిషాల చిల్లర. మొదట్లో, చివర్లో పోయే ముక్క తీసేస్తే చేతికి మిగిలేది పది నిమిషాలు. కాబట్టి షాట్ అంతకు మించి సాగదు. థియేటర్‌లో ప్రొజెక్టర్ మీద వేసేది మాత్రం 2000 అడుగుల రీలు. అంటే రెండు షాట్లకి ఒకసారి ఒక ప్రొజెక్టర్ ఆపి రెండోది అందుకోవాలి. దాచని 4 కట్లూ ఆ మార్పు దగ్గర పడ్డవే.

మన పాత పోస్టర్ల మీద “16 రీళ్లు” అని వేసేవాళ్లు గుర్తుందా? అవి 1000 అడుగుల లెక్కన చెప్పే రీళ్లు, అందుకే 16 రీళ్లంటే రెండున్నర గంటల పైచిలుకు. ఆ లెక్కలో ‘రోప్’ ఎనిమిది రీళ్ల సినిమా, 80 నిమిషాలు.

నేలటికెట్టు

> దాచని 4 కట్లూ ఆ మార్పు దగ్గర పడ్డవే

ఇది కొత్త సంగతి. కానీ రీలు మార్పు దగ్గర కూడా కోటు వెనక్కి వెళ్లి చీకటి చేసేయొచ్చుగా?

రీలుడబ్బా

చేయొచ్చు, కానీ అది ఆపరేటర్ చేతిలో ఉంటుంది. రీలు చివర్లో కుడివైపు పై మూలన రెండుసార్లు చుక్క పడుతుంది. మొదటి చుక్కకి రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి, రెండో చుక్కకి తెర మీద బొమ్మ మార్చాలి. అర సెకను అటూ ఇటూ అయితే నల్ల కోటు మీద తెర అలా నల్లగానే ఉండిపోతుంది. హాల్లో జనం మెషీన్ ఆగిందనుకుంటారు. పైగా ప్రింటు తిరిగే కొద్దీ రీలు చివర్లే ముందు అరుగుతాయి, తెగుతాయి, నాలుగు ఫ్రేములు కత్తిరించి అతికిస్తారు. కదులుతున్న కెమెరాని అదే కదలికతో కలపాలంటే ఆ నాలుగు ఫ్రేములే కొంప ముంచుతాయి. ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి మామూలు కట్ అనుకోండి, నాలుగు ఫ్రేములు పోయినా ఎవరికీ పట్టదు. రెండు ప్రొజెక్టర్ల దీపాల వెలుగు ఒకేలా ఉండదు కూడా. దాచిన అతుకు దగ్గర ఆ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

కత్తెర

లెక్క బాగుంది మాస్టారూ. నేను ఆ నాలుగు కట్లు *దేని మీద* పడ్డాయో చూడమంటాను.

ఒకటి: విందుకొచ్చిన కెన్నెత్ క్లోజప్, “అంటే ఏమిటి నీ ఉద్దేశం?” అంటాడు. కట్. ఇంకో అతిథి జానెట్ వైపు నడుస్తున్న మగవాళ్లు.

రెండు: ఫిలిప్ ఒకప్పుడు కోళ్ల గొంతు పిసికిన ముచ్చట బ్రాండన్ చెబుతుంటే, ఫిలిప్ “అది అబద్ధం” అని అరుస్తాడు. కట్. రూపర్ట్ ముఖం క్లోజప్‌లో. అనుమానం మొలిచే క్షణం అదే.

మూడు: ముగ్గురు మాట్లాడుకుంటుంటే పనిమనిషి మిసెస్ విల్సన్ వచ్చి పిలుస్తుంది. ఇది వట్టి అవసరం కోసం వేసిన కట్, దీనికి పెద్ద అర్థం లేదు.

నాలుగు: తుపాకీ ఉన్న జేబులో బ్రాండన్ చెయ్యి. కట్. మళ్లీ రూపర్ట్ ముఖం.

రెండోదీ నాలుగోదీ పక్కపక్కన పెట్టండి. ఒకటి చూపించడం, చూసినవాడి ముఖం మీదికి వెళ్లడం. హిచ్‌కాక్ మూకీల రోజుల నుంచీ బతికిందే ఈ పద్ధతి మీద. కట్ చేయనని ఒట్టు పెట్టుకుని తీసిన సినిమాలో, ప్రొజెక్టర్ బలవంతం మీద కట్ చేయాల్సి వచ్చిన చోట్లే కథ గట్టిగా తగులుతుంది. దాచిన ఐదు అతుకుల్లో నాలుగు మగవాళ్ల వీపులు. మాటల మధ్యలో కెమెరా ఏ కారణం లేకుండా ఒకడి వీపు దాకా వెళ్లి, కోటు నేత మసకబారి, నల్లబడి, మళ్లీ వెనక్కి వస్తుంది. మొదటిసారి సరే, మూడోసారికి నవ్వొస్తుంది. ఐదోది ఒక్కటే కుదిరింది: రూపర్ట్ పెట్టె మూత ఎత్తగానే ఆ మూతే లెన్స్‌ని కప్పేస్తుంది. అక్కడ మూత లేవాలని చూసేవాడు గంట నుంచీ ఎదురుచూస్తున్నాడు కాబట్టి చీకటికి కారణం ఉంది.

సాయంత్రం_ఆట

కత్తెర గారితో సగమే ఏకీభవిస్తాను. అందరూ తిన్నాక మిసెస్ విల్సన్ పెట్టె మీద ఉన్నవన్నీ సర్దే ఘట్టం చూడండి. కెమెరా పెట్టె దగ్గరే ఆగిపోతుంది. డేవిడ్ ఇంకా రాలేదేమని మాట్లాడుకునేవాళ్లు దాదాపుగా ఫ్రేము బయటే ఉంటారు, మాటలే వినబడతాయి. ఆవిడ ప్లేట్లు తీసుకుని వెనక గదికి వెళ్తుంది, వస్తుంది, కొవ్వొత్తులు తీస్తుంది, మళ్లీ వెళ్తుంది, గుడ్డ తీస్తుంది, పుస్తకాలు తెచ్చి పెట్టెలో పెట్టేద్దామని మూత మీద చెయ్యి వేస్తుంది. లోపల శవం ఉందని మనకి తెలుసు. అక్కడ ఒక్క కట్ వేస్తే ఆవిడ ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్క పోతుంది, బిగింపూ పోతుంది. పొడవు షాట్ దండగ అనడానికి వీల్లేదు.

కత్తెర

ఒప్పుకుంటాను. అయితే అది కెమెరా *కదలని* షాట్. ప్రయోగం పేరు చెప్పి గదులన్నీ తిప్పిన షాట్లలో దానికి సాటి వచ్చేది ఇంకోటి చూపించండి.

లైట్‌బాయ్

ఆ తిప్పడం వెనక పని ఎంతో కొంచెం చెప్పాలి. ఇది హిచ్‌కాక్ మొదటి రంగుల సినిమా. టెక్నికలర్ (అప్పటి రంగుల పద్ధతి) కెమెరాలో ఒక్క ఫిల్ము కాదు, మూడు ఫిల్ములు ఒకేసారి నడుస్తాయి. పది నిమిషాల షాట్ తొమ్మిదో నిమిషంలో చెడితే పోయేది 1000 అడుగులు కాదు, మూడు వేల అడుగులు. కెమెరా చప్పుడు వినబడకుండా దానికో పెట్టె. అంతా కలిపి బీరువాలా ఉంటుంది. అది హాల్లోంచి వంటగది దాకా, మనుషుల మధ్యనుంచి తిరగాలి.

అందుకని గోడల్ని పైన పట్టాల మీద వేలాడదీశారు. చప్పుడు కాకుండా ఆ పట్టాలకి వాజలీన్ రాశారు. కెమెరా వచ్చే సమయానికి గోడ పక్కకి జరగాలి, దాటాక మళ్లీ తన చోటికి రావాలి, ఎందుకంటే కెమెరా వెనక్కి తిరిగితే గోడ అక్కడ ఉండాలి. సామాను చక్రాల మీద. నటుడు కూర్చునే లోపు కుర్చీ అతని కిందికి చేరాలి. నేల మీద నంబర్లు వేసి, ఏ డైలాగుకి ట్రాలీ (కెమెరా పెట్టి తోసే బండి) ఏ నంబరు మీద ఉండాలో రాసుకున్నారు. ఇంత జరుగుతుండగా కిర్రుమనకుండా నేల కూడా ప్రత్యేకంగా వేయించారు.

వెలుగు పని దీనికన్నా కష్టం. ఒక్కో యాంగిల్‌కి లైటు మార్చుకునే వీలు లేదు. గది మొత్తానికి ఒకేసారి లైటు పడాలి, కెమెరా, మైకు కర్ర నీడలు ఎక్కడా పడకూడదు. మూడు ఫిల్ముల టెక్నికలర్‌కి మామూలు ఫిల్ముకన్నా చాలా ఎక్కువ వెలుగు కావాలి, ఆ వేడిలో పది నిమిషాలు నటించాలి.

రిహార్సల్ 10 రోజులు. షూటింగ్ 18 రోజులు, అందులో 9 రోజులు మళ్లీ తీయడానికే పోయాయని హిచ్‌కాకే ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫోకిచ్చిన ఇంటర్వ్యూలో చెప్పాడు.

నేలటికెట్టు

మళ్లీ తీయాల్సినంతగా ఏం చెడింది? నటులు డైలాగు మర్చిపోయారా?

లైట్‌బాయ్

నటులు కాదండీ, సూర్యుడు. కిటికీ అవతల న్యూయార్కు కనబడుతుంది కదా, అది గుండ్రంగా వంపు తిప్పి కట్టిన నమూనా నగరం. భవనాల్లో 8,000 చిన్న బల్బులు, 200 నియాన్ బోర్డులు. మబ్బులు గాజు నూలుతో చేసి వేలాడదీశారు. ఒక్కో రీలుకీ మధ్య వాటిని కొంచెం జరిపేవాళ్లు. కథ మొదలైనప్పుడు పగటి వెలుగు, తర్వాత సంధ్య, చివరికి రాత్రి, కిటికీల్లో ఒక్కొక్క దీపం. పెయింట్ చేసిన పరదా అయితే ఇది కుదరదు, కెమెరా పక్కకి జరిగితే భవనాలు ఒకదాని వెనక ఒకటి కదలాలి.

చెడింది ఎక్కడంటే, చివరి ఐదు రీళ్లలో సంధ్య నారింజ రంగు మోతాదు మించి చౌక పోస్టుకార్డులా వచ్చింది. టెక్నికలర్‌లో రంగు ప్రింటు ఆ సాయంత్రమే చేతికి రాదు, ల్యాబ్ నుంచి వచ్చేసరికి ముందుకి వెళ్లిపోయి ఉంటారు. మామూలు సినిమాలో అయితే చెడ్డ షాట్లు నాలుగు మళ్లీ తీసి మధ్యలో అతికిస్తారు. ఇక్కడ షాటంటే రీలు. కిటికీలో రంగు చెడితే పది నిమిషాల నటన మొత్తం చెత్తబుట్టలోకే. ఐదు రీళ్లూ మళ్లీ తీశారు. కెమెరా మొదట జోసెఫ్ వాలెంటైన్, తర్వాత విలియం స్కాల్. ఇద్దరి పేర్లూ టైటిల్స్‌లో ఉన్నాయి.

కట్ చేసే వీలు ఒక్క ఎడిటర్ సౌకర్యమే కాదు, అది నిర్మాతకి బీమా కూడా. ‘రోప్’లో ఆ బీమా లేదు.

సాయంత్రం_ఆట

ఆ వంపు నగరం ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. హిచ్‌కాక్ 1899లో లండన్ శివారు లేటన్‌స్టోన్‌లో పుట్టాడు, తండ్రి కూరగాయల వ్యాపారి. టెలిగ్రాఫ్ కేబుళ్ల కంపెనీలో పనిచేస్తూ, 1920లో ఇస్లింగ్టన్ స్టూడియోలో మూకీ సినిమాల టైటిల్ కార్డులు గీసే పనిలో చేరాడు. అక్కణ్ణుంచి కళాదర్శకత్వం. 1924లో ఒక సినిమా పని మీద బెర్లిన్ ఉఫా స్టూడియోకి వెళ్లినప్పుడు పక్కనే జర్మన్ దర్శకుడు మర్నౌ ‘ది లాస్ట్ లాఫ్’ తీస్తున్నాడు. రైల్వే స్టేషన్ సెట్లో దగ్గరున్నవి పెద్దవి, దూరం పోయే కొద్దీ సైజు తగ్గించి కట్టినవి. కెమెరా నిలబడ్డ చోటు నుంచి చూస్తే కిలోమీటరు స్టేషన్. ‘రోప్’ కిటికీలో ఉన్నదీ అదే విద్య, 24 ఏళ్ల తర్వాత, రంగుల్లో.

కాకపోతే కెమెరా ఎక్కడ నిలబడుతుందో ముందే తెలిస్తేనే ఆ విద్య పనిచేస్తుంది. బొమ్మ గీసుకుని షాట్ తీసే అలవాటు ఆయనకి ఈ పనుల వల్లే వచ్చింది.

నేలటికెట్టు

బాగుంది. ఇప్పుడు నా రెండో ప్రశ్న. కెరీర్‌కి లాభమా నష్టమా?

రీలుడబ్బా

డబ్బు వైపు నుంచి చెబుతాను. 1939లో హిచ్‌కాక్, నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్‌తో కాంట్రాక్టు మీద అమెరికా వచ్చాడు. మొదటి సినిమా ‘రెబెకా’కి ఉత్తమ చిత్రం ఆస్కారొచ్చింది, అది నిర్మాతకి వెళ్లింది. హిచ్‌కాక్ 5 సార్లు ఉత్తమ దర్శకుడి నామినేషన్ దాకా వెళ్లాడు గానీ ఒక్కసారీ గెలవలేదు. సెల్జ్‌నిక్ ఆయన్ని వేరే స్టూడియోలకి అద్దెకిచ్చి తేడా తను తీసుకునేవాడు, స్క్రిప్టుల మీద పేజీలకి పేజీలు మెమోలు పంపేవాడు. ఆ కాంట్రాక్టు అయిపోగానే మిత్రుడు సిడ్నీ బెర్న్‌స్టైన్‌తో కలిసి ట్రాన్సట్లాంటిక్ పిక్చర్స్ పెట్టాడు. సొంత కంపెనీలో మొదటి సినిమా ‘రోప్’. ఖర్చు సుమారు 15 లక్షల డాలర్లు, అందులో 3 లక్షలు స్టీవర్ట్ పారితోషికమే. ఒకే ఇల్లు, తొమ్మిది మంది నటులున్న సినిమాకి ఇది తక్కువేం కాదు.

అసలు దెబ్బ తర్వాతి సినిమాది. ‘అండర్ కాప్రికార్న్’ (1949), ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, పీరియడ్ కథ, మళ్లీ పొడవు షాట్లు. ఆడలేదు. అప్పిచ్చిన బ్యాంకు సినిమాని స్వాధీనం చేసుకుంది. కంపెనీ కథ దాదాపుగా అక్కడితో ముగిసింది.

కత్తెర

అందుకే నేను ‘రోప్’ని ‘రియర్ విండో’ (1954)తో కలిపి చూడమంటాను. అదీ ఒకే ఇల్లు, అదే స్టీవర్ట్, ఈసారీ ఇల్లు దాటని కథే. పారామౌంట్ స్టూడియోలో ఒక పెద్ద ఫ్లోర్ నేలని తవ్వి, బేస్‌మెంట్‌నే పెరడుగా మార్చి, చుట్టూ 31 ఇళ్లు కట్టారు. వాటిలో 12 లోపల సామానుతో సహా. ఇంత సెట్ చేతిలో ఉండి కెమెరా ఊరేగలేదు. చాలావరకు హీరో గదిలోనే ఉండి చూసింది. అతను చూస్తాడు, కట్, కిటికీ, కట్, అతని ముఖం. ‘రోప్’లో రీలు మార్పు దగ్గర తప్పనిసరై చేసిన ఆ రెండు కట్లే ఇక్కడ సినిమా అంతా పరుచుకున్నాయి. తర్వాత రోజుల్లో ఆయనే ‘రోప్’ని అర్థంలేని ఆలోచన అని కొట్టిపారేశాడు, కట్ మీద తన నమ్మకానికే అది ఎదురు పోయిందని.

ఒక్క విషయంలో నాకు ఆ మాట అన్యాయం అనిపిస్తుంది. ట్రాలీ వాడకంలో ఆయన చెయ్యి తిరిగింది ‘రోప్’, ‘అండర్ కాప్రికార్న్’ సినిమాల్లోనే.

లైట్‌బాయ్

ట్రాలీ అన్నారు కాబట్టి ‘వర్టిగో’ (1958) మెట్ల షాట్ ఒక్కటి, హీరో కిందికి చూస్తే మెట్ల లోతు సాగిపోయినట్టు కనబడేది. ట్రాలీ, జూమ్ ఎదురెదురు దిశల్లో. బొమ్మ సైజు లెన్స్ పొడవుని బట్టి పెరుగుతుంది, దూరాన్ని బట్టి తగ్గుతుంది. 100 ఎం.ఎం. లెన్స్‌తో 4 మీటర్ల నుంచి చూసిన వస్తువు 25 ఎం.ఎం.తో అంతే కనబడాలంటే 1 మీటరుకి చేరాలి. దగ్గరున్న వస్తువు సైజు మారదు, వెనకున్నది మాత్రం దూరంగా జారిపోతుంది. దిశ తిప్పితే వెనకున్నది మీదికి వస్తుంది. చేసేటప్పుడు చెడేది వేగంలో: దగ్గరికి వచ్చే కొద్దీ ప్రతి అడుగుకీ సైజు వేగంగా మారుతుంది, కాబట్టి ట్రాలీ వేగానికి సరిపోయేలా జూమ్ వేగం కూడా కుదరాలి. దాంతోపాటు ఫోకస్ కూడా లాగుతూ ఉండాలి.

పెద్ద కెమెరాని మెట్ల పైకెక్కించి దింపే సరంజామాకి 50 వేల డాలర్లు అవుతుందన్నారట. అక్కడ మనిషి ఎవరూ కనబడరు కదా, నమూనా చేసి పక్కకి పడుకోబెట్టండి అన్నాడు హిచ్‌కాక్. నేల మీద ట్రాలీతో 19 వేలల్లో అయిపోయింది. తీసింది రెండో యూనిట్ కెమెరామన్ ఇర్మిన్ రాబర్ట్స్.

రీలుడబ్బా

అదే లెక్క ‘సైకో’ (1960)లోనూ. పారామౌంట్‌కి కథ నచ్చలేదు. సరే, నా డబ్బుతో నేనే తీస్తా, మీరు విడుదల చేయండి అన్నాడు. తన 2.5 లక్షల పారితోషికం వదులుకుని బదులుగా 60 శాతం హక్కు రాయించుకున్నాడు. 1955 నుంచి నడుస్తున్న తన టీవీ సీరియల్ యూనిట్‌నే దించాడు, నలుపు తెలుపులో, 8 లక్షల డాలర్ల చిల్లరలో ముగించాడు. ‘రోప్’ ఖర్చులో సగం కాస్త పైన, 12 ఏళ్ల తర్వాత. హీరోయిన్ హత్య జరిగే షవర్ దృశ్యం ఒక్కదానికే వారం పట్టింది, 78 కెమెరా సెటప్‌లు, 52 కట్లు అని లెక్క చెబుతారు. పది నిమిషాలకి ఒక కట్ వేసినవాడే ఇక్కడ నిమిషం లోపు అన్ని వేశాడు. చివరికి ‘సైకో’ హక్కులూ టీవీ సీరియలూ ఎం.సి.ఏ. కంపెనీకి ఇచ్చి వాటాలు తీసుకుని, అందులో మూడో పెద్ద వాటాదారు అయ్యాడు. ట్రాన్సట్లాంటిక్‌లో పోగొట్టుకున్న సొంతదారీతనం అలా తిరిగొచ్చింది.

నేలటికెట్టు

షవర్‌ని కింద నుంచి నేరుగా చూపించే షాట్‌లో లెన్స్ తడవలేదేం?

లైట్‌బాయ్

షవర్ మధ్య రంధ్రాలు మూసేశారు. నీళ్లు అంచు రంధ్రాల్లోంచి కెమెరాకి అటూ ఇటూ పడతాయి. పొడవు లెన్స్‌తో కొంచెం దూరం నుంచి తీస్తే నీళ్లు మన మీదికే వస్తున్నట్టుంటుంది. రక్తం చాక్లెట్ సిరప్, నలుపు తెలుపులో చిక్కదనం బాగా పలుకుతుంది. కత్తి దిగే చప్పుడు కర్బూజ జాతి పండుని పొడిచి రికార్డు చేసింది.

సాయంత్రం_ఆట

చప్పుడు మాట వచ్చింది కాబట్టి ‘రోప్’లో చాలామంది వదిలేసేది ఒకటి చెబుతాను. చివర్లో రూపర్ట్ కిటికీ తెరిచి తుపాకీ పేలుస్తాడు. కింద వీధిలో జనం గుసగుసలు మొదలై పెరుగుతాయి, తర్వాత దూరం నుంచి పోలీసు సైరన్. ఆ గుసగుసలకి మైకుని ఆరంతస్తుల ఎత్తున వేలాడదీసి కింద మనుషుల్ని నిలబెట్టి మాట్లాడించారు. సైరన్‌కి లైబ్రరీలో ఉన్న రికార్డు తీసుకుని మెల్లగా సౌండ్ పెంచుతామన్నారు సౌండ్ వాళ్లు. హిచ్‌కాక్ వద్దన్నాడు. సైరన్ ఉన్న అంబులెన్స్ ఒకటి అద్దెకి తెచ్చి, స్టూడియో గేటు దగ్గర మైకు పెట్టి, బండిని రెండు మైళ్ల దూరం పంపి వెనక్కి రమ్మన్నాడు. బటన్‌తో పెంచిన సైరన్‌కి సౌండ్ మాత్రమే పెరుగుతుంది. దూరం నుంచి వచ్చే సైరన్‌కి గోడల మీద తగిలే ప్రతిధ్వని, గాలికి చెదిరే తీరు కూడా మారుతూ వస్తాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరి రెండు నిమిషాలు వినండి, తేడా తెలుస్తుంది.